మాయను తూచే గది

తెల్లవారుజామున కంపాలాలో వాన.
కొండమీది ఆసుపత్రి కింది అంతస్తులో
చేతితొడుగులు వేసుకుంటాను.
మూతలున్న బకెట్లు నాలుగు,
రాత్రి నలుగురు బిడ్డలు ఖాళీ చేసి వచ్చిన ఇళ్ళు.

నాలుగువందల ఎనభై గ్రాములు. ఐదువందల పది.
నాలుగువందల నలభై.
చివరిది రెండువందల ముప్పై.
తూకం తప్పేమోనని మళ్ళీ పెట్టాను.
తప్పలేదు.

మా అత్త నల్వోగ లెక్కలో మాయంటే బిడ్డకు కవల.
ఆడపిల్లదైతే వండుకునే అరటి మొదట్లో,
మగపిల్లాడిదైతే సారాకాచే అరటి మొదట్లో
గొయ్యి తీసి పడుకోబెడుతుంది.
"దానికీ నిద్ర కావాలి కదే" అంటుంది పార కడుగుతూ.
నేనా కవలను వేలెడు ముక్కలుగా కోసి
మైనంలో బిగించి, వెంట్రుక కన్నా పల్చగా తరిగి
గాజుపలక మీద పరుస్తాను.
ఆవిడకీ సంగతి చెప్పలేదు.

తల్లి ఒంట్లో హంతక కణాలని పేరుపడ్డవి ఉంటాయి.
తేడాగా కనపడ్డదాన్ని పొడిచెయ్యడం వాటి కొలువు.
బిడ్డేమో సగం పరాయి.
సగం సెమ్వాంగా: అతని చెవులు, అతని మొండితనం,
కణం కణానికీ గుచ్చిన
అతని వంశపు బిళ్ళ.

చదువుకునే రోజుల్లో నేననుకున్నది,
కడుపు చూసీ చూడనట్టు ఊరుకుంటుందని,
కావలివాళ్ళు నిద్రపోతారని.
కాదు.
మేలుకునే ఉంటారు. బిళ్ళను తడిమి చూస్తారు.
ఎవరి తాలూకు నువ్వు, అని అడుగుతారు.
జవాబు కుదిరితే
కత్తులు పక్కనపెట్టి పలుగులందుకుంటారు.
మెలికల ధమనుల గోడలు సడలించి
సందుల్ని బాటలు చేస్తారు,
నెత్తురు ఉరకకుండా, చెరువులోకి కాలవ దిగినట్టు
నిదానంగా నిండేలా.

జవాబు కుదరకపోతే చంపనూ చంపరు.
ఊరికే చేతులు కట్టుకు నిలబడతారు.
అంత చాలు.
సందు సందుగానే ఉండిపోతుంది,
గొట్టానికి వేలు అడ్డం పెట్టినట్టు నెత్తురు చిమ్ముతుంది.
ఆకలిగొన్న మాయ తల్లి రక్తంలోకి
ఏవేవో ఫిర్యాదులు పంపుతుంది.
పాదాలు నీరెక్కుతాయి. ఉంగరం రాదు.
కళ్ళముందు మిణుగురులు.
ఆపైన, గుర్రపువాతం.

ఆ మిణుగురులు నాకు తెలుసు.
నాలుగేళ్ళ కిందట, ముప్ఫయ్యో వారం.
నా బకెట్టూ ఈ గదికే వచ్చింది.
నేను పైన మంచం మీద ఉన్నాను కదా,
ఇంకెవరో తూచారు.
రిజిస్టరులో ఆ పేజీ తిప్పలేదు ఇప్పటిదాకా.

"కొన్ని కణాలు గుర్తుపెట్టుకుంటాయంటున్నారు"
మొన్న డాక్టర్ అచియెంగ్ చెప్పింది, టీ చల్లారిపోతుండగా.
"రెండోసారి పని త్వరగా మొదలుపెడతాయట.
మాట మాత్రం ఇవ్వలేను."
కాసేపాగి, అడగకుండానే, ఇంకోటి చెప్పింది:
పోయిన బిడ్డ కణాలు కూడా కొన్ని
తల్లి ఒంట్లో ఏళ్ళతరబడి తిరుగుతుంటాయని.
ఎక్కడ, అన్నాను.
ఎక్కడైనా, అంది. కాలేయంలో. చర్మంలో.

ఇప్పుడు నాకు ఇరవయ్యారో వారం.
పేరు పెట్టని పిల్ల లోపలే ఉండి
తమ్ముడికో చెల్లికో దారి చూపిస్తోందని
అనుకోవడం నాకిష్టం.
మైక్రోస్కోపు అంతదూరం రాదు.
రోజూ పొద్దున్నా సాయంత్రం
జబ్బకు పట్టీ చుట్టుకుని బీపీ చూసుకుంటాను.

తలుపు దగ్గర ఎవరో దగ్గారు.
బెరడుబట్ట చంకలో పెట్టుకుని ఒక ముసలామె,
గొడుగు లేదు, భుజాలు తడిసిపోయాయి.
నాలుగో బకెట్టు కోసం వచ్చింది.
మూతల మీద పేర్లు చదవకూడదని
నేనే పెట్టుకున్న నియమం.
చదివాను. నన్యొంగ, మూడో వార్డు.
"బిడ్డ?"
"గాజుపెట్టెలో ఉంది. కిలో మూడొందలు.
ఊపిరి తనే తీస్తోంది."

పది ముక్కలు కొయ్యాలి రూలు ప్రకారం.
మూడు కోశాను.
మిగతాదంతా బట్టలో పెట్టి, అంచులు మడిచి,
రెండు చేతులతో అందించాను.
"ఏ అరటి?" అని అడిగాను.
"వండుకునేది" అంది ముసలామె,
వానలోకి చూస్తూ.